చలానా ఎక్కడ ఆగుతుంది, నేరం ఎక్కడ మొదలవుతుంది?

1896 జనవరిలో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో, ప్యాడక్‌వుడ్ అనే ఊళ్లో ఒక పోలీసు సైకిలెక్కి కారు వెంట పడ్డాడు. పట్టుకున్నాడు కూడా! కారు నడిపినవాడు వాల్టర్ ఆర్నాల్డ్. వేగం గంటకు 8 మైళ్లు. ఊళ్లో అప్పటి పరిమితి 2 మైళ్లే, అంటే మనిషి నడక కన్నా తక్కువ. వేగానికి పడిన జరిమానా ఒక షిల్లింగు. ఆ ఏడాది నవంబరుకల్లా కొత్త చట్టం 14 మైళ్ల దాకా వెళ్లనిచ్చింది.

మన దేశంలో వరస తిరగబడింది. కారు రాకముందే నేరం వచ్చి కూర్చుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 279వ సెక్షన్ ప్రకారం, జనం తిరిగే దారిలో ప్రాణాలకు ముప్పు కలిగేంత దుడుకుగా గానీ నిర్లక్ష్యంగా గానీ బండి తోలినా, స్వారీ చేసినా ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అది రాసేనాటికి రోడ్డు మీద ఉన్నవి గుర్రబ్బండ్లు, ఎడ్లబండ్లు. అందుకే అందులో మైళ్ల లెక్క లేదు. ఆ లెక్క మోటారు వాహనాల చట్టంలో ఉంటుంది. అది దాటితే చలానా. 279 కింద నేరానికి అదొక్కటే చాలదు.

ప్రమాద వార్తల్లో మనం 'అతివేగం, నిర్లక్ష్యం' అని ఒక్క ఊపిరిలో రాసేస్తాం. సుప్రీంకోర్టు 1998లో ఆ జంటను విడదీసింది. కర్ణాటకలో లారీ బోల్తాపడి పలువురు చనిపోయిన కేసు అది. డ్రైవరు 'హైస్పీడు'లో నడిపాడని సాక్షులు చెప్పారు. ఎంత వేగమో, ఆ రోడ్డుకు అది ఎందుకు ఎక్కువో ఎవరూ చెప్పలేదు. వేగం ఎక్కువన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని కోర్టు తేల్చి, హైకోర్టు ఇచ్చిన విడుదల తీర్పునే నిలబెట్టింది. బాధితుల ఇళ్లవాళ్లకు ఆ తీర్పు ఎలా మింగుడుపడి ఉంటుంది? అయినా తప్పుపట్టాల్సింది కోర్టును కాదు. ఎంత వేగమో, ఎందుకు ఎక్కువో తేల్చని దర్యాప్తును.

2024 జులై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే జైలు గరిష్ఠంగా రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. 279 కాస్తా 281 అయింది. అందులో జరిమానా మాత్రం 1860 నాటి వెయ్యి రూపాయల దగ్గరే ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం కారు ఓవర్‌స్పీడుకు చలానా మొదలయ్యేదే ఆ వెయ్యితో.