వి.వి. గిరి గారి ఓటు ఎటు?



ఆ మధ్య మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని అప్పజెప్పాను. మన బరంపురంలో పుట్టి చట్టసభలకు వెళ్ళినవారిలో ఒకరిని ఎంచుకుని, వారు ఏ బిల్లుకు అనుకూలంగా ఓటు వేశారు, దేనికి వ్యతిరేకంగా వేశారు, రాసుకు రమ్మన్నాను. మా పిల్లల్లో సగంమంది ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడేవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి వరాహగిరి వెంకటగిరి గారిని ఎంచుకుంది. వారం తిరక్కుండానే నోటు పుస్తకం పట్టుకుని వచ్చి, "మాస్టారూ, ఈయన ఎక్కడా ఓటు వేసినట్టు లేదండీ" అంది.

తప్పు పిల్లది కాదు, ప్రశ్న వేసిన నాది. మన చట్టసభల్లో చాలా బిల్లులు మూజువాణి ఓటుతో తేలిపోతాయి. అవునన్నవారు అవునంటారు, కాదన్నవారు కాదంటారు, సభాపతి చెవికి ఏది ఎక్కువగా వినబడితే అదే నిర్ణయం. ఎవరి పేరూ ఎక్కడా నమోదు కాదు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ అడిగితేనే పేర్లు పుస్తకంలోకి ఎక్కుతాయి. అప్పుడైనా పార్టీ విప్ చెప్పినట్టు వేయాల్సిందే. పైగా గిరి గారు సభలో ఉన్న కాలంలో ఎక్కువ భాగం మంత్రిగా ఉన్నారు. మంత్రివర్గంలో కూర్చున్నవాడు మంత్రివర్గానికి ఎదురు ఓటు వేయడం ఉండదు. ఆ తరువాత పదేళ్ళు ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరు. 1967 నుంచి ఉపరాష్ట్రపతి హోదాలో రాజ్యసభ అధ్యక్షుడు. రెండు పక్షాలకూ ఓట్లు సమానంగా వస్తే తప్ప ఆ కుర్చీకి ఓటు లేదు.

మరి అలాంటి మనిషి దేనికి నిలబడ్డాడో ఎలా తెలుసుకోవాలి? ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబే ఈ రోజు మీతో పంచుకుంటున్నాను. ఓట్ల పుస్తకం పక్కన పెట్టి రాజీనామాల పుస్తకం తియ్యమన్నాను.

గిరి గారు 1894లో బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు, కాంగ్రెసు మనిషి. ఖల్లికోట కళాశాలలో చదివి, న్యాయశాస్త్రం కోసం 1913లో ఐర్లండు వెళ్ళారు. ఆ ఏడాదే డబ్లిన్‌లో యజమానులు వేలాదిమంది కార్మికులను నెలల తరబడి పనిలోకి రానివ్వకుండా తలుపులు మూశారు. పందొమ్మిదేళ్ళ కుర్రవాడు అడుగుపెట్టిన ఊరు అలా ఉంది. 1916లో అక్కడ తిరుగుబాటు రేగింది. ఆ ఏడాదే ఆయన్ని దేశం విడిచి పొమ్మన్నారు. తిరిగివచ్చి వకీలుగా కుదురుకోవలసినవారు కాస్తా రైల్వే కార్మికుల వెంట పడ్డారు.

బెంగాల్ నాగపూర్ రైల్వే అంటే మన తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా? వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ దాకా ఆ పట్టాల వెంట మన కుటుంబాలు ఎన్ని చెదిరి స్థిరపడ్డాయో! మా తాతగారు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరు. తొలగించినవారిని తిరిగి తీసుకోవాలని 1928లో గిరి గారు ఆ రైల్వేలో శాంతియుతంగా సమ్మె నడిపించారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్‌ను నిలబెట్టినవారిలో ఆయన ఒకరు, చాలా ఏళ్ళు దానికి ప్రధాన కార్యదర్శి. ఈ ఫెడరేషన్ పేరు శ్రోతలు గుర్తుంచుకోవాలి, చివర్లో మళ్ళీ వస్తుంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి బరంపురం అందులోకి వెళ్ళింది. ఆయన రాజకీయం మాత్రం మద్రాసు రాష్ట్రంలోనే సాగింది. 1937 ఎన్నికల్లో బొబ్బిలి వెళ్ళి, మద్రాసుకు ప్రధానిగా ఉన్న బొబ్బిలి రాజా వారినే ఓడించారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చూశారు. దేశాన్ని అడక్కుండా యుద్ధంలోకి దింపారని 1939లో కాంగ్రెసు మంత్రివర్గాలన్నీ రాజీనామా చేసినప్పుడు ఈయనా చేశారు. అది పార్టీ చెప్పిన రాజీనామా, లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

లెక్కలోకి వచ్చేది 1954 నాటిది. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ గారి మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. పాతపట్నం అంటే మన పర్లాకిమిడి నుంచి నడిచిపోయే దూరమే. అప్పటికి ప్రభుత్వ విధానం ఏమిటంటే, యజమానికీ కార్మికుడికీ తగవు వస్తే ప్రభుత్వమే దాన్ని ట్రిబ్యునల్‌కు పంపుతుంది, తీర్పుకు ఇద్దరూ కట్టుబడాలి. గిరి గారికి ఇది నచ్చలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడుకోవాలి, కుదరకపోతే ఒప్పుకుని మధ్యవర్తిని పెట్టుకోవాలి, అంతేగాని సర్కారు బలవంతపు తీర్పు వద్దన్నారు. నిర్బంధ తీర్పు అలవాటైతే కార్మిక సంఘం సొంత కాళ్ళ మీద నిలబడటం నేర్చుకోదని ఆయన వాదన. 1952 అక్టోబరులో నైనితాల్‌లో జరిగిన భారత కార్మిక సదస్సులో ఈ మాటే చెప్పారు. దీనికి గిరి విధానం అని పేరు కూడా పడింది. చిత్రమేమిటంటే, యజమానులే కాదు, కార్మిక సంఘాల నాయకుల్లోనూ చాలామంది దీన్ని ఒప్పుకోలేదు.

వాళ్ళ భయమూ కొట్టిపారేయదగ్గది కాదు. మా బరంపురం పట్టుచీరల నేతగాళ్ళనే తీసుకోండి. ఎవరి ఇంట్లో వారు, ఎవరి మగ్గం మీద వారు. షావుకారు ఎదుట కూర్చుని బేరమాడే బలం వాళ్ళకు ఎక్కడిది? ఖరగ్‌పూర్‌లో వేలమంది ఒక గేటులోంచి వచ్చిపోయే చోట గిరి గారి మాట చెల్లుతుంది. నలుగురు పనిచేసే చోట చెల్లదు. ఆయన రైల్వే మనిషి, ఆ కళ్ళతోనే దేశమంతా చూశారని నాకనిపిస్తుంది.

సరే, ఆ విధానం అమలు కాలేదు. ఇంతలో బ్యాంకు ఉద్యోగుల జీతాల తగవు ముదిరింది. అది అప్పటికే చాలా ఏళ్ళ తగవు. 1950లో ఒక ట్రిబ్యునల్ తీర్పు ఇస్తే 1951లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. మళ్ళీ ఒక ట్రిబ్యునల్ వేస్తే 1953లో తీర్పు వచ్చింది. దానిమీద అప్పీలుకు వెళితే 1954లో కార్మిక అప్పీలు ట్రిబ్యునల్ ఉద్యోగులకు కొంత మేలుగా తేల్చింది. అంతా అయిపోయిందనుకునే వేళ, 1954 ఆగస్టులో ప్రభుత్వం ఆ తీర్పును సవరించి, ఉద్యోగులకు వచ్చినదానిలో కొంత కోసేసింది. చిన్న బ్యాంకులు, చిన్న ఊళ్ళ శాఖలు ఈ భారం మోయలేవన్నది ఆర్థికశాఖ మాట. ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారు, రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేసిన మహారాష్ట్ర పండితుడు. మంత్రివర్గం ఆయన వైపే మొగ్గింది. గిరి గారు రాజీనామా చేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ట్రిబ్యునళ్ళే వద్దన్న మనిషి, ట్రిబ్యునల్ తీర్పు కోసం పదవి వదులుకున్నాడేమిటి? ఇది మాట మార్చడం కాదూ అని మా క్లాసులో ఒక కుర్రాడు అడిగాడు. నాకు అర్థమైనంతలో ఇందులో తేడా లేదు. సమ్మె మాని మా కోర్టుకు రా అని కార్మికుణ్ణి పిలిచింది ప్రభుత్వం. వచ్చాడు, ఏళ్ళ తరబడి తిరిగాడు, గెలిచాడు. గెలిచాక ఆ తీర్పును పిలిచినవాడే దిద్దితే ఇక అతను ఎవరి దగ్గరికి పోవాలి? బేరం ఉండాలి, లేదా తీర్పు ఉండాలి. రెండూ లేకుండా చేయడం గిరి గారికి మింగుడుపడలేదు.

ఆయన వెళ్ళాక ఏం జరిగిందన్నది ఇంకా ముఖ్యం. ప్రభుత్వం ఒక కమిషన్ వేయక తప్పలేదు. న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ గారు విచారించి 1955లో నివేదిక ఇచ్చారు. అప్పీలు ట్రిబ్యునల్ చెప్పినదాన్ని చాలావరకు తిరిగి నిలబెట్టారు. ఆ ఏడాదే దాన్ని చట్టం చేశారు. సభలో వంద ఓట్లు చేయలేని పని ఒక ఖాళీ కుర్చీ చేసింది.

అలాగని ఆయన చేసినదంతా ఒప్పేనని నేను అనను. 1957లో పార్వతీపురం నుంచి మళ్ళీ పోటీ చేశారు. అప్పట్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరు సభ్యులు, ఒక స్థానం గిరిజనులకో హరిజనులకో కేటాయింపు, రెండోది అందరికీ. పార్వతీపురంలో ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ఇద్దరూ గిరిజన అభ్యర్థులే అయ్యారు. ఒకరికి కేటాయించిన స్థానం, రెండోవారైన దిప్పల సూరి దొర గారికి సాధారణ స్థానం దక్కాయి. గిరి గారు కొద్ది వందల ఓట్ల తేడాతో మూడోవారయ్యారు. గిరిజనుడు సాధారణ స్థానానికి తగడనీ, అసలు సూరి దొర గారు గిరిజనుడే కాదనీ వాదిస్తూ కోర్టుకు వెళ్ళారు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజనుడికి సాధారణ స్థానం ఇవ్వడం సబబేనని 1959లో తేలింది. కార్మికుల కోసం మంత్రి పదవి వదిలిన మనిషి, ఒక గిరిజనుడు ఓట్లతో గెలిచిన స్థానం కోసం అంత దూరం పోవడం నాకు ఎప్పుడూ ముల్లులా గుచ్చుకుంటుంది. ఈ సంగతి కూడా నోటు పుస్తకంలో రాయమని ఆ అమ్మాయికి చెప్పాను. ముందు మొహం చిన్నబుచ్చుకుంది గాని, రాసింది.

ఇక 1969. మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న పద్నాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడే రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికకు స్వతంత్రుడిగా దిగారు. కాంగ్రెసు అధికారికంగా నిలబెట్టింది నీలం సంజీవరెడ్డి గారిని. అంటే ఇద్దరు తెలుగువాళ్ళ మధ్య పోటీ. మూడో ముఖ్యమైన అభ్యర్థి ఎవరనుకున్నారు? పదిహేనేళ్ళ కిందట బ్యాంకు తీర్పు విషయంలో గిరి గారికి ఎదురు నిలిచిన ఆ చింతామణి దేశ్‌ముఖ్ గారే! స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు ఆయన్ని బలపరిచాయి. కథల్లో రాస్తే కల్పన అంటారు.

రాష్ట్రపతి ఎన్నికలో పార్టీ విప్ ఉండదు, ఓటు రహస్యం. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయండని ఇందిరాగాంధీ గారు అన్నారు. ఆ మాట ఆ రోజుల్లో ఎంతగా నలిగిందో పెద్దలకు తెలుసు. ఆగస్టు 16న ఓటింగు జరిగింది. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769 వచ్చాయి. ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్యాలు పంచితే ఎక్కువ భాగం రెడ్డి గారికే పోయాయి. అయినా చివరికి గిరి గారు 4,20,077, రెడ్డి గారు 4,05,427 దగ్గర ఆగారు. ఏ శాసనసభ్యుడు ఎటు వేశాడో నేటికీ ఏ పుస్తకంలోనూ లేదు. ఆ తరువాత ఎన్నిక చెల్లదని దావా పడితే రాష్ట్రపతి పదవిలో ఉండి కూడా గిరి గారు సుప్రీంకోర్టులో సాక్ష్యం ఇచ్చారు. దావా 1970లో కొట్టివేశారు.

బ్యాంకుల కథ అంతటితో ఆగలేదు. జాతీయీకరణ చట్టం చెల్లదని సుప్రీంకోర్టు 1970 ఫిబ్రవరి 10న తీర్పు చెప్పింది. నాలుగు రోజుల్లో కొత్త ఆర్డినెన్సు వచ్చింది. ఈసారి రాష్ట్రపతి హోదాలో సంతకం మళ్ళీ గిరి గారిదే. బ్యాంకు గుమాస్తాల జీతాల కోసం మంత్రి పదవి వదిలిన చెయ్యి, ఆ బ్యాంకుల్నే ప్రభుత్వపరం చేసే కాగితం మీద రెండుసార్లు సంతకం చేసింది.

చివరిగా ఆ ఫెడరేషన్ సంగతి. 1974 మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. నడిపించినది జార్జి ఫెర్నాండెజ్ గారు, గిరి గారు ఒకప్పుడు నడిపిన అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్‌కే అప్పటికి అధ్యక్షులు. ప్రభుత్వం వేలాదిమందిని అరెస్టు చేసింది. ఇరవై రోజులకు సమ్మె విరమించారు. ఆ రోజుల్లో రాష్ట్రపతి భవనంలో ఉన్నది గిరి గారే. 1954లో చేసినట్టు ఆయన రాజీనామా చేయలేదు. ఆగస్టు 24న పదవీకాలం ముగిశాక దిగారు. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారం నడవాలని రాజ్యాంగం చెబుతుంది, అది నిజమే. మంత్రికి ఉన్న దారులు రాష్ట్రపతికి లేవు, అదీ నిజమే.

మా పెదనాన్నగారు ఆ సమ్మెలో ఉన్నారు. ఖరగ్‌పూర్ ఇంట్లో ముందు గదిలో, తాతగారు కట్టించిన పటం ఒకటి ఉండేది, తలపాగాతో గిరి గారి బొమ్మ. సమ్మె అయిపోయిన వారం పెదనాన్నగారు దాన్ని అక్కణ్ణించి తీసి వంటింటి పక్క గదిలో తగిలించారట. తాతగారు చూశారు, ఏమీ అనలేదు. పటాన్ని తిరిగి ముందు గదికీ తేలేదు, గోడ మీంచి దించనూ లేదు. నా చిన్నప్పుడు వెళ్ళినప్పుడు కూడా అది అక్కడే ఉంది.