ఇంట్లోనే జిమ్: ఏవి కొనాలి, ఏవి వద్దు, డబ్బు ఎక్కడ వృథా అవుతుంది?

షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు మన ఇళ్లలో మామూలు మాటలైపోయాయి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్‌తో ఉన్నారు, మరో 13.6 కోట్ల మంది షుగర్ రాబోయే దశలో ఉన్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్తే మందుల చీటీతో పాటు "రోజూ నడవండి, కాస్త వ్యాయామం చేయండి" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది.

చెప్పినంత తేలిక కాదు. మగవాళ్లకు వీధి చివర జిమ్ ఉంటుంది. అమ్మీ, ఆపా, ఇంటి కోడళ్ల సంగతేంటి? చాలా ఊళ్లలో ఆడవాళ్లకు విడిగా జిమ్ ఉండదు. ఉన్నా టైమింగ్ కుదరదు, లేడీ ట్రైనర్ దొరకరు. అందుకే చాలా కుటుంబాలు ఇంట్లోనే ఏర్పాటు చేసుకుందామని అనుకుంటున్నాయి. ఆలోచన మంచిదే. కానీ మొదటి రోజే పెద్ద మెషిన్ కొనేస్తే, ఆరు నెలలకు అది బట్టలు ఆరేసే స్టాండు అవుతుంది. అలా కాకుండా ఏం చూసి కొనాలో ఇక్కడ వివరంగా ఇస్తున్నాం.

ముందు అవసరం, తర్వాతే సామాను

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి. చురుగ్గా నడిచినా అది లెక్కలోకే వస్తుంది. దీనితో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి. 65 దాటినవాళ్లు తూలిపడకుండా నిలకడ పెంచే కసరత్తులు వారానికి మూడు రోజులైనా చేయాలి.

అంటే ఇంటికి కావాల్సినవి రెండు: గుండెకు పని చెప్పేది ఒకటి, కండరాలకు పని చెప్పేది ఒకటి. మొదటిదానికి మేడ మీద నడక, మెట్లు, స్కిప్పింగ్ తాడు కూడా సరిపోతాయి. చాలామంది మర్చిపోయేది రెండోదాన్నే. షుగర్ ఉన్నవాళ్లకు అదే ముఖ్యం, ఎందుకంటే రక్తంలోని గ్లూకోజ్‌ను ఎక్కువగా వాడుకునేది కండరాలే.

"ఆడవాళ్లు బరువులు ఎత్తితే మగవాళ్లలా తయారవుతారు" అన్న భయం పెట్టుకోవద్దు. మగవాళ్లలా కండలు పెరగాలంటే కావాల్సిన టెస్టోస్టెరాన్ హార్మోన్ ఆడవాళ్లలో చాలా తక్కువ. పైగా నెలసరి ఆగిపోయిన తర్వాత ఎముకలు పలచబడకుండా బరువుల వ్యాయామం సాయపడుతుంది.

సామాను లేని రోజుల్లో కూడా మన పెద్దలు బలంగానే ఉన్నారు. హైదరాబాద్ పాతబస్తీ తాలీంల్లో, బార్కస్ పహెల్వాన్ల ఇళ్లలో మొదట నేర్పింది దండ్, బైఠక్‌లే. 1910లో లండన్ వెళ్లి పేరు తెచ్చుకున్న గామా పహెల్వాన్ కసరత్తుకు పునాది కూడా అవే. కాబట్టి కొనే ముందు ఓ నెల రోజులు నడక, గోడకు ఆనుకుని పుషప్‌లు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం వారానికి నాలుగు రోజులు చేసి చూడండి. అలవాటు నిలబడితే అప్పుడు డబ్బు తీయండి.

తక్కువ ఖర్చుతో మొదటి సెట్టు

ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఖాళీ ఉంటే చాలు, కింది సామానుతో మొత్తం కుటుంబం మొదలుపెట్టొచ్చు.

రెసిస్టెన్స్ బ్యాండ్లు: రబ్బరు ట్యూబులు, రెండు పిడులు, తలుపుకు తగిలించే పట్టీ కలిపి సెట్టుగా అమ్ముతారు. సూట్‌కేసులో పట్టేస్తాయి, చప్పుడు ఉండదు, కింది పోర్షన్ వాళ్లకు ఇబ్బంది లేదు. వాడేముందు ప్రతిసారీ సాగదీసి చూడండి. చిన్న పగులు కనిపించినా పారేయాలి, తెగితే నేరుగా ముఖానికి తగులుతుంది. ఎండ తగిలే చోట పెట్టొద్దు. తలుపు పట్టీని తగిలించేటప్పుడు, మీరు లాగితే తలుపు ఇంకా గట్టిగా మూసుకునే వైపు నిలబడాలి. గడియ కూడా వేయండి.

డంబెల్స్: కొత్తగా మొదలుపెట్టే ఆడవాళ్లకు 2 లేదా 3 కేజీల జత ఒకటి, 5 కేజీల జత ఒకటి సరిపోతాయి. మగవాళ్లు 5, 10 కేజీల జతలతో మొదలుపెట్టొచ్చు. సరైన బరువును గుర్తించడం తేలిక. 8 నుంచి 12 సార్లు ఎత్తగలగాలి, చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. 15 సార్లు అలవోకగా వస్తే బరువు పెంచాలి. మూడోసారికే నడుము వంగిపోతే తగ్గించాలి.

మ్యాట్: నేల మీద చేసే కసరత్తులకు 6 మిల్లీమీటర్ల మందం ఉన్న యోగా మ్యాట్ చాలు. బరువులు పెట్టే చోట మాత్రం గట్టి రబ్బరు మ్యాట్ కావాలి. పిల్లల గదుల్లో వేసే మెత్తటి ఫోమ్ ముక్కలు డంబెల్ పెడితే నొక్కుకుపోతాయి, వాటి మీద నిలబడి బరువెత్తితే కాలు నిలవదు. జానమాజ్‌ను దీనికి వాడకుండా మ్యాట్ విడిగా ఉంచుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు. వాడాక తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి.

వీటికి తోడు ఒక స్కిప్పింగ్ తాడు, నడుము కొలిచే టేపు చాలు. మోకాళ్ల నొప్పి ఉంటే తాడు వద్దు. మనవాళ్లకు బరువు కంటే నడుము కొలతే ఎక్కువ చెబుతుంది. దక్షిణాసియా వాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు చెబుతారు.

రాడ్లు, ప్లేట్లు కొనేటప్పుడు

బరువు మార్చుకునే సెట్టు కొంటే ఒక్కదానితోనే ఇంట్లో అందరికీ సరిపోతుంది. కానీ మొదట రంధ్రం కొలత చూడండి. మామూలు సన్న రాడ్లకు వచ్చే ప్లేట్ల రంధ్రం 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒలింపిక్ రాడ్ల ప్లేట్లకు 50 మిల్లీమీటర్లు. ఈ రెండూ కలవవు. ముందు ఒక రకం రాడ్ కొని తర్వాత చవగ్గా దొరికాయని వేరే రకం ప్లేట్లు తెస్తే అవి మూలన పడి ఉండాల్సిందే.

పీవీసీ ప్లేట్లు చవక. లోపల సిమెంటు లాంటి పదార్థం నింపుతారు కాబట్టి కింద పడితే పగిలి పొడి రాలుతుంది. మెల్లగా పెట్టే అలవాటుంటే ఏళ్ల తరబడి వస్తాయి. రబ్బరు పూత వేసిన ఇనుప ప్లేట్లు ఖరీదెక్కువ, మన్నిక ఎక్కువ. ఏదైనా సరే, కేజీకి ఎంత పడుతుందో లెక్కేసి పోల్చండి. ఆన్‌లైన్‌లో "20 కేజీల హోమ్ జిమ్" అని రాసినదాంట్లో రాడ్ల బరువు కలిపారా, ప్లేట్లు మాత్రమేనా చదవండి. ఇంటికొచ్చాక కాటా మీద పెట్టి చూడండి, తేడా ఎక్కువ ఉంటే వాపసు గడువు లోపే పంపేయండి.

బెంచీ మీద రాసే గరిష్ఠ బరువులో మనిషి బరువు, ఎత్తే బరువు రెండూ కలిసి ఉంటాయి. 80 కేజీల మనిషి 40 కేజీలు ఎత్తాలంటే 120 కేజీల బెంచీ అంచు మీద ఉన్నట్టే. అంతకంటే బాగా ఎక్కువ మోసేది తీసుకోండి. దుకాణంలోనే కూర్చుని అటూ ఇటూ ఊగి చూడండి, వెల్డింగ్ జాయింట్లు తడిమి చూడండి.

ట్రెడ్‌మిల్ కావాలా, సైకిల్ కావాలా?

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. వానాకాలం, ఎండాకాలం, బురఖాలో బయట నడవడానికి చోటు లేకపోవడం లాంటి కారణాలతో ట్రెడ్‌మిల్ అవసరమైన ఇళ్లు ఉన్నాయి. అలాంటివాళ్లు చూడాల్సినవి:

మోటారు: పెద్ద అక్షరాల్లో రాసే "పీక్ హెచ్‌పీ"ని పట్టించుకోకండి. అది కాసేపు మాత్రమే ఇవ్వగలిగే శక్తి. "కంటిన్యూయస్ హెచ్‌పీ ఎంత?" అని అడగండి.

కరెంటు: ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. 2 హెచ్‌పీ మోటారు పూర్తి లోడు మీద దాదాపు 1,500 వాట్లు లాగుతుంది. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్ 1,400 వాట్ల లోపే మోయగలదు. కాబట్టి ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఇన్వర్టర్ లైను వద్దు.

పట్టా పొడవు: నడకకు 110 నుంచి 120 సెంటీమీటర్లు సరిపోతుంది. పరిగెత్తేవాళ్లకు 130కి పైన ఉండాలి.

చోటు: వెనక గోడకు ఆరడుగుల ఖాళీ వదలాలి. పట్టు తప్పితే మనిషి వెనక్కే పడతాడు.

సర్వీసు: కంపెనీ మెకానిక్ మీ ఊరికి వస్తాడా? మోటారుకు వారంటీ ఎన్నేళ్లు, మిగతా భాగాలకు ఎన్నేళ్లు? పట్టా కింద సిలికాన్ ఆయిల్ ఎన్ని నెలలకోసారి వేయాలి? ఇవన్నీ కొనకముందే అడగాలి.

మోకాళ్ల నొప్పులున్న అమ్మీ, నానీలకు సైకిలే మేలు. మాగ్నెటిక్ రెసిస్టెన్స్ ఉన్నది చప్పుడు చేయదు, త్వరగా అరగదు. నడుముకు ఆసరా ఉండి, కాళ్లు ముందుకు చాపి తొక్కే రకం పెద్దవాళ్లకు సుఖంగా ఉంటుంది. సీటు ఎత్తు సరిచేసుకోవాలి. పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలి.

కొనకూడనివి

చెమట పట్టించే స్లిమ్మింగ్ బెల్టులు, వణికించే మెషిన్లు పొట్ట కరిగించవు. చెమటతో తగ్గేది నీరు మాత్రమే, రెండు గ్లాసుల నీళ్లు తాగితే ఆ బరువు తిరిగొస్తుంది. కాళ్లతో సాగదీసే స్ప్రింగు టమ్మీ ట్రిమ్మర్లు కూడా వద్దు. స్ప్రింగు తెగినా, పాదం జారినా దెబ్బ గట్టిగా తగులుతుంది. పొట్ట దగ్గర మాత్రమే కొవ్వు తీసే పరికరం ఏదీ లేదు.

"నో కాస్ట్ ఈఎంఐ" సంగతి

వడ్డీకి దూరంగా ఉండే కుటుంబాలు ఇది జాగ్రత్తగా చదవాలి. నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు. చాలా స్కీముల్లో బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే డిస్కౌంటుగా తగ్గిస్తారు. కార్డు స్టేట్‌మెంటు చూస్తే వడ్డీ విడిగా కనిపిస్తుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మనమే కట్టాలి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. షరియత్ ప్రకారం దీని హుకుం ఏమిటో మీ ఉలమాను అడగండి. లెక్క ప్రకారం చెప్పగలిగేది ఒక్కటే. 30,000 రూపాయల మెషిన్ కోసం ఈఎంఐకి వెళ్లే బదులు నెలకు 3,000 చొప్పున పది నెలలు పక్కన పెట్టండి. ఆ పది నెలలూ బ్యాండ్లు, డంబెల్స్‌తో కసరత్తు చేయండి. పదో నెలకు ఆ మెషిన్ నిజంగా కావాలో లేదో మీకే తెలుస్తుంది.

పాతది కొనడం తప్పేం కాదు. ఇనుప ప్లేట్లు, రాడ్లు, కెటిల్‌బెల్స్ పాడయ్యేవి కావు. తుప్పు గీకి రంగు వేస్తే కొత్తవే. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ సండే మార్కెట్, జుమ్మేరాత్ బజార్ లాంటి చోట్ల వెతకొచ్చు, ఇల్లు ఖాళీ చేసేవాళ్ల ప్రకటనలు చూడొచ్చు. పాత ట్రెడ్‌మిల్ అయితే పావుగంట నడిచి చూడనిదే డబ్బులివ్వొద్దు. కాలిన వాసన, పట్టా ఒక పక్కకు జరగడం, కాలు పెట్టగానే వేగం తగ్గడం కనిపిస్తే వదిలేయండి. పాత బ్యాండ్లు మాత్రం ఎప్పుడూ కొనకండి.

పిల్లలు, దుపట్టాలు, పాత మిద్దెలు

2021 మేలో అమెరికాలో పెలోటన్ కంపెనీ తన ట్రెడ్ ప్లస్ ట్రెడ్‌మిల్‌లను వెనక్కి పిలిపించింది. ఒక చిన్నారి చనిపోవడం, పదుల సంఖ్యలో ప్రమాదాలు జరగడమే కారణం. ఖరీదైన మెషిన్‌తోనే అలా జరిగిందంటే పిల్లలున్న ఇంట్లో ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించండి. వాడాక ప్లగ్ తీసేయాలి, సేఫ్టీ కీ తీసి పిల్లలకు అందని చోట పెట్టాలి. నడిచేటప్పుడు ఆ కీ తాడు బట్టలకు తగిలించుకోవాలి. డంబెల్స్ నేల మీదే ఉండాలి, బీరువా పైన వద్దు.

దుపట్టా, పొడవాటి కుర్తా, వదులు షల్వార్ పట్టాలో గానీ పెడల్‌లో గానీ చిక్కుకుంటే ప్రమాదం. ఇంట్లోనే, ఆడవాళ్ల మధ్యే కాబట్టి దుపట్టా తీసేయొచ్చు, షల్వార్ అంచు మడిచి కట్టుకోవచ్చు. తల కప్పుకోవాలంటే పిన్ను లేని, బిగుతుగా ఉండే స్కార్ఫ్ వాడండి.

కొత్త ఇళ్ల గదులను చదరపు మీటరుకు దాదాపు 200 కేజీల బరువు లెక్కతో డిజైన్ చేస్తారు, ఇంటి సామానుతో ఇబ్బంది రాదు. దూలాలు, గచ్చు మిద్దెలున్న పాత ఇళ్లలో పై అంతస్తులో భారీ మెషిన్ పెట్టే ముందు ఇంజనీరుకు చూపించండి.

ఎవరు డాక్టర్‌ను అడగాలి?

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఇటీవల ఆపరేషన్ అయినవాళ్లు అడిగాకే మొదలుపెట్టాలి. బీపీ ఉన్నవాళ్లు బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, ఎత్తుతూ వదలాలి. ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవాళ్లకు వ్యాయామంలో షుగర్ పడిపోవచ్చు. దగ్గర్లో పంచదారో ఖర్జూరమో ఉంచుకోండి. మెషిన్ మీద చెప్పుల్లేకుండా నడవొద్దు, పాదాలు రోజూ చూసుకోండి. రంజాన్‌లో రోజా ఉన్నప్పుడు బరువులు వద్దు. ఇఫ్తార్ ముందు నెమ్మదిగా నడవండి, బరువుల కసరత్తు ఇఫ్తార్ అయిన గంటన్నర, రెండు గంటల తర్వాత పెట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్లు రంజాన్‌కు ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

చివరగా, సామాను ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యమే. మేడ మీద గదిలో పెడితే ఇంటి కుర్రాడు ఒక్కడే వాడతాడు. ఫజర్ తర్వాతో, పిల్లలు స్కూలుకెళ్లాకో అమ్మీ కూడా వాడాలంటే అది ఆమె తిరిగే చోటికి దగ్గరగా, పరదా ఉన్న మూలలో ఉండాలి. కొనే ముందు ఇంట్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి "మీకేది కావాలి, ఏ టైము కుదురుతుంది?" అని అడగండి. జాబితా అక్కడి నుంచే మొదలవ్వాలి.