గొంతుకి వారిస్ ఎవరు?

సంగీతంలోకి మిషన్ వచ్చినప్పుడల్లా వినేవాళ్ల మధ్య ఝగడా జరుగుతూనే ఉంది. దానికి మన ముల్కులో పాత తారీఖే ఉంది.

1940లో ఆలిండియా రేడియో హార్మోనియంని బంద్ చేసింది. మెట్టు మెట్టుకీ స్వరం బిగించిన పెట్టె అది, గమకం పలకదు అని ఐతరాజ్. 1971లో గానీ ఆ పట్టు కొంత సడలలేదు. ఈలోగా అవామ్ ఆగిందా? మా గరివిడి, చీపురుపల్లి వైపు పద్యనాటకానికి హార్మోనియమే ప్రాణం. ఖవ్వాలీకీ అదే. రేడియో ఫైసలా ఒకటి, జనం ఫైసలా ఇంకొకటి.

1992లో ‘రోజా’ వచ్చింది. రెహమాన్ సింథసైజర్, కంప్యూటర్ శబ్దాలకి కుర్రకారు ఫిదా అయిపోయింది. పెద్దవాళ్లు మాత్రం కంప్యూటర్ మ్యూజిక్‌లో రూహ్ ఏదీ అని పెదవి విరిచారు. కానీ ఆ తెలుగు పాటల్లో బాలు ఉన్నాడు. సాజ్ మిషన్‌దైనా ఆవాజ్ మనిషిదే.

బాలసుబ్రహ్మణ్యంగారి ఇంతిఖాల్ 2020 సెప్టెంబర్ 25న. 2023 నవంబర్‌లో విడుదలైన ‘కీడా కోలా’లో కృత్రిమ మేధతో చేసిన ఆయన గొంతు వినబడింది. మళ్లీ విన్నామని కొందరు మురిశారు, ఇదేం పని అని కొందరు మండిపడ్డారు. కుటుంబం ఇజాజత్ లేకుండా వాడారని కొడుకు చరణ్ లీగల్ నోటీసు పంపారు. 2024 జనవరిలో రెహమాన్ కూడా ‘లాల్ సలామ్’ పాట కోసం మరణించిన బంబా బక్యా, షాహుల్ హమీద్‌ల గొంతుల్ని ఇలాగే తెప్పించారు. ఆయన కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం పంపామని చెప్పారు. అయినా సామయీన్, అంటే శ్రోతలు, రెండుగా చీలారు.

ఎందుకంటారా? హార్మోనియం గమకం పలకలేదు, అంతే. అది ఎవరి గొంతునీ తీసుకోలేదు. ఇది తీసుకుంటుంది. బతికున్న గాయకుడు నచ్చని పాటని పాడనని అనగలడు. మిషన్‌లోని గొంతు ఆ మాట అనలేదు. వారసులు ఇజాజత్ ఇవ్వొచ్చు, డబ్బూ తీసుకోవచ్చు. కానీ ఆ ఇన్కార్ చేసే హక్కు చనిపోయినవాడితోనే పోతుంది. నా లెక్కలో గొంతు ఆస్తి కాదు, అమానత్. అప్పగించిన మనిషి ఇష్టం తెలియకుండా ముట్టుకోకూడదు.

బాలుకి చరణ్ ఉన్నారు, నోటీసు పంపడానికి వకీలు ఉన్నాడు. మా ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవాళ్లూ, తప్పెటగుళ్లు ఆడుతూ పాడేవాళ్లూ ఎందరో ఉన్నారు. వాళ్ల గొంతులు ఎవరెవరి సెల్‌ఫోన్లలోనో ఉన్నాయి. రేపు వాటిని ఏ కంప్యూటరో పాడిస్తే, ఇజాజత్ ఎవరిని అడుగుతారు? అసలు అడుగుతారా?