ఒక్క రాత్రి బస

అండమాన్‌లోని ఫీనిక్స్ బే జెట్టీలో పడవ కోసం కూర్చున్నాను. పక్కన ఒకావిడ, బియ్యం మూట మీద మోచెయ్యి ఆనించి, ఒళ్ళో అట్ట ఊడిన తెలుగు బైబిలు పెట్టుకుని 49వ కీర్తన చదువుకుంటోంది. తమ్ముడు పోయాడట. "అంత సంపాదించాడు, ఏటి కట్టుకుపోనాడు బాబూ" అంది. శ్రీకాకుళం యాస.

ఆ కీర్తన శీర్షికలో కోరహు కుమారుల పేరుంది. మోషేను ఎదిరించి భూమిలో కూరుకుపోయిన కోరహును యూదు సంప్రదాయం మహా ధనవంతుడిగా చెప్పుకుంటుంది. డబ్బు చావును ఆపలేదన్న పాట అతని పిల్లల పేరిట నిలవడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. కవి ధనాన్ని తిట్టడు. 'కోఫెర్' అనే హీబ్రూ మాట పట్టుకుంటాడు. పొడిచే ఎద్దు మనిషిని చంపితే యజమాని తన ప్రాణానికి బదులు కట్టే సొమ్ము అది. ధర్మశాస్త్రమే దానికి ఒప్పుకుంది. దేవుడి దగ్గర మాత్రం ఆ బేరం లేదు, సొంత అన్నదమ్ముడి కోసమైనా సరే. తెలుగు బైబిలు ఇక్కడ 'ప్రాయశ్చిత్తము' అంది. సొమ్ము చప్పుడు పోయింది.

పల్లవిలాంటి పాదం రెండుసార్లు వస్తుంది. మొదటిసారి 'యాలీన్': మనిషి తన వైభవంలో రాత్రి బస కూడా చెయ్యడు. చివర 'యావీన్': గ్రహించడు. ఒక్క అక్షరం తేడా. తెలుగులో 'నిలువజాలడు' అయ్యేసరికి ఆ సత్రం కనబడకుండా పోయింది.

తర్వాత బైబిల్లోనే ప్రసంగి వచ్చాడు. పండితులు ఎక్కువమంది ఆ గ్రంథాన్ని క్రీస్తుపూర్వం 3వ శతాబ్దానికి చేరుస్తారు. అతని బాధ వేరు: కూడబెట్టింది ఎలాంటివాడి చేతిలో పడుతుందో తెలియదు. 'హెవెల్' అంటాడు, అంటే ఊపిరి, ఆవిరి.

ఇవి సంపన్నుల గురించి చెప్పిన మాటలు. 11వ శతాబ్దపు స్పెయిన్‌లో సంపన్నుడే కలం పట్టాడు. గ్రనడా రాజ్యానికి వజీరు, సేనలు నడిపినవాడు షమూయేల్ హనగీద్ (993–1056). 1041లో అన్న ఇస్సాకు చనిపోతే వరసగా విలాప గీతాలు రాశాడు. కోరహు కుమారులు ఊహగా చెప్పిన అన్నదమ్ముడు అతనికి నిజంగా ఎదురయ్యాడు. ఖజానా అందుబాటులో ఉన్న మనిషి, బేరమాడడానికి అవతల ఎవరూ లేరు. హీబ్రూ కవిత్వంలో ఈ విషయం ఇంత దగ్గరగా ఇంకెక్కడా నాకు తగల్లేదు.

యూదులు మరణం జరిగిన ఇంట్లో ఇప్పటికీ ఆ 49వ కీర్తనే చదువుతారు. ఆవిడకి ఆ సంగతి చెప్పాను. "వాళ్ళకీ ఇదేనా?" అని కాసేపు ఊరుకుంది.

పడవ కూత పెట్టింది. బైబిలు కొంగులో చుట్టుకుని, మూటకి ఒక చెయ్యి వెయ్యమంది.