నటుడి ఇల్లాలు

తెనాలి వైపు పద్యనాటకం వెలిగిన కాలంలో నటుణ్ణి కట్టుకున్న ఆడదానికి పంట ఇంటికి చేరిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా ఒంటరి కాపురమే. సంక్రాంతికి మొదలైన నాటకాలు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లు దాటి శ్రీరామనవమి పందిళ్ల దాకా సాగేవి. కంట్రాక్టరు బయానా ఇచ్చిన ఊరికల్లా మా తాతయ్య ట్రంకుపెట్టెతో బయల్దేరేవాడు. కాళ్లకూరి నారాయణరావు గారి 'చింతామణి'లో బిల్వమంగళుడి వేషం ఆయనది. వేశ్య మోజులో ఇల్లాలు రాధను మరిచిపోయే పాత్ర. పందిట్లో ఆడవాళ్లు ఆ రాధ కోసం కళ్లు ఒత్తుకునేవారు. అదే వేళకి మా నాయనమ్మ జ్వరం బిడ్డను ఒళ్లో వేసుకుని మేలుకుని ఉండేది.

మొదట్లో నటుల భార్యలకు ఒక ధీమా ఉండేది. ఆడవేషాలు చాలావరకు మగవాళ్లే కట్టేవారు. బాపట్లలో పుట్టి తెనాలి రామవిలాస సభలో పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చింతామణిగా జనాన్ని ఊపేశారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని బళ్లారి రాఘవ గారు పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి గారు ఆయనతో కలిసి నటించారు. నాటకానికి అది మేలే. అయితే ఆ మార్పు నటుల ఇళ్లలో కొత్త దిగులు పెట్టింది. ఫలానా చింతామణితో ఒకే బండిలో వచ్చాడట అని ఎవరో ఒకరు నాయనమ్మ చెవిన వేసేవారు. తాతయ్య గుమ్మం ఎక్కగానే గొడవ మొదలయ్యేది.

ఈర్ష్య ఆమె ఒక్కదానిదే కాదు. కంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులుండేవారు. తన పద్యం కంటే పక్కవాడి పద్యానికి ఒన్స్‌మోర్లు ఎక్కువ పడితే తాతయ్య ఇంటికొచ్చి అన్నం పళ్లెం తోసేసేవాడు. పందిట్లో తగిలిన దెబ్బకు ఇంట్లో ఆమె మాట పడేది.

ఒకసారి ఆయనతో చింతామణి వేసిన నటి మా ఇంటికి వచ్చింది, కంట్రాక్టరు ఎగ్గొట్టిన డబ్బు సంగతి అడగడానికి. హార్మోనియం వాయించే భర్త, చంకలో పిల్ల. నాయనమ్మ ముగ్గురికీ అన్నం పెట్టింది. ఆమెకూ మిగతా సొమ్ము అందలేదనీ, ఊరూరా మాటలు పడుతోందనీ అప్పుడు తెలిసింది. "దానిదీ నా బతుకేరా" అనేది తర్వాత మాతో. ఆ పేరెత్తి తాతయ్యను మళ్లీ దెప్పలేదు.

సురభి వాళ్ల పద్ధతి వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచకవధ'తో మొదలుపెట్టిన సమాజంలో కుటుంబాలకు కుటుంబాలే నటించాయి. ఆ ఇంటి ఆడవాళ్లే ఆడవేషాలు కట్టారు, పిల్లలు తెర వెనకే పెరిగారు. అక్కడా మనస్పర్థలు లేకుండా ఉండవు. కానీ కష్టమూ చప్పట్లూ భార్యాభర్తలిద్దరి కళ్లెదుటే జరిగేవి. మా నాయనమ్మకు ఆ అవకాశం రాలేదు.

ఆమెను ఊరు అనుమానం మనిషి అంది. నేను ఒప్పుకోను. బంగారు పతకం తాకట్టు పెట్టి పిల్లల్ని సాకిన మనిషికి, మొగుడు ఎక్కడున్నాడో తెలియని మనిషికి ఆ మాత్రం కోపం న్యాయమే. నాటక పరిషత్తుల వాళ్లకు నా విన్నపం ఒక్కటే: నటుల జయంతి సభల్లో ఇల్లాళ్ల పేర్లూ చదవండి. బతికున్న వాళ్లుంటే వెళ్లి వాళ్ల మాటలు రాసుకోండి. అవి లేకుండా తెలుగు నాటక చరిత్ర పూర్తి కాదు.