గౌతమికి ఇరుదరుల మద్యనిషేధము

మురమళ్ళ వీరేశ్వరస్వామి ఆలయమున నిత్యకల్యాణము జరుగుట ఆంధ్రదేశమెల్ల ఎరిగిన సంగతి. ఈ గ్రామమునకు చేరువనున్న ఎదుర్లంక రేవున గౌతమి దాటినచో చేరు యానామునకు సైతము ఒకప్పుడు కల్యాణపురమని పేరుండెను. ఆ పేరు వచ్చిన తీరు వేరు. 1929 నాటి శారదా చట్టము బాల్యవివాహములను నిషేధింపగా, ఆ చట్టము చెల్లని ఫ్రెంచి గడ్డకు పెండ్లివారు తరలిపోవుచుండిరి. ఏటి నడుమ చట్టము ఆగిపోవు ఈ వింత మద్యము విషయమునను జరిగినది. కావున కోనసీమ మద్యనిషేధ చరిత్రలో ఈ రేవునకు స్థానమున్నది.

చెన్నరాష్ట్రమున 1886 ఆబ్కారీ చట్టము క్రింద కల్లు, సారా దుకాణములు ప్రభుత్వమునకు పెద్ద ఆదాయమై యుండెను. 1937 అక్టోబరు 1న రాజాజీ మంత్రివర్గము సేలం జిల్లాలో నిషేధము ప్రారంభించి, మరుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించెను. కోల్పోయిన రాబడి పూడ్చుటకై 1939లో అమ్మకపు పన్ను పుట్టెను. యుద్ధకాలమున నిలిచిన నిషేధము 1946లో తిరిగి మొదలై, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతట అమలయ్యెను. గౌతమికి ఈవలి గట్టున దుకాణములు మూతపడెను. ఆవలి గట్టున ఫ్రెంచివారి యేలుబడిలో ఆ చట్టము లేదు.

నిషేధము వలన త్రాగువాని ఇంట కొంత మేలు కలిగినను, కల్లు గీచువాని ఇంట పొయ్యి ఆరెను. తాడి, ఈత, కొబ్బరి చెట్లే వారి మాగాణి. తాటిబెల్లము వండుకొని బ్రతుకుడని ప్రభుత్వము చెప్పినది గాని, మోకు పట్టిన చేతులకు ఆ కూలి చాలినది కాదు. ఒకరి ఇల్లు నిలుపుటకు మరియొకరి ఇల్లు పడగొట్టుట న్యాయము కాదను మాట నాడు పెద్దలలో పలువురికి తోచలేదు. లంకలలో రహస్యముగా బెల్లపు ఊట వేసి నాటుసారా కాచుట మాత్రము పెరిగెను. ఆంధ్రరాష్ట్రమేర్పడిన పిమ్మట గౌతు లచ్చన్న గీతకార్మికుల పక్షమున సత్యాగ్రహము సాగించెను. నిషేధమును ఎత్తివేయవలెనని రామమూర్తి సంఘము సిఫారసు చేసినను ప్రకాశం ప్రభుత్వము అంగీకరింపలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానమున ఒక్క వోటు తేడాతో ఆ ప్రభుత్వము కూలిపోయెను. యానాము ఫ్రెంచివారి చేతినుండి భారతదేశమునకు వచ్చినది అంతకు అయిదు దినముల ముందే, నవంబరు 1న!

మంత్రివర్గము పడినను నిషేధము పడలేదు. ఆంధ్రప్రాంతమున అది 1969 వరకు నిలిచినది. తెలంగాణమున అది లేకపోవుటచే 1956 తరువాత ఒకే రాష్ట్రమున రెండు ధర్మములు నడచినవి.

రెండవ పోరాటమునకు మూలము అక్షరమని గ్రంథాలయ పాఠకులు గమనింపదగును. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో రాత్రి బడులకు చదువుకొనబోయిన స్త్రీలు వాచకములోని ఒక పాఠమున తమ ఇంటి కథనే చదివిరి. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణము మూయించిరి. పిమ్మట జిల్లా స్త్రీలు సారా పాటలనే సాగనీయలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లోనే సడలిపోయినది గాని, సారా దుకాణమును మాత్రము పిమ్మట ఏ ప్రభుత్వమును తిరిగి తెరవలేదు. బాధపడినవారే కోరి తెచ్చుకొన్న కట్టడి గనుక అది నిలిచినది.

సంపూర్ణ నిషేధమున్న ఆ రెండేండ్లు యానాం సీసాలు పంటులపై ఏరు దాటెను. 2002లో ఎదుర్లంక వంతెన రాగా పంటుతో పని తీరినది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దుకాణములను తానే చేపట్టి, ప్రక్కనుండిన త్రాగుడు గదులను రద్దుచేసెను. 2020 మే నెలలో ధరలను 75 శాతము హెచ్చించెను. గదులు మూయుట మేలైన పనియే. ధర హెచ్చించుట వలన మాత్రము మన ప్రాంతపు త్రాగుబోతు యానాం పోయి, చీకటివేళ మత్తులో వంతెన మీదుగా తిరిగి వచ్చుట హెచ్చినది. 2024 అక్టోబరు 16 నుండి దుకాణములు మరల ప్రైవేటువారి పరమైనవి; 99 రూపాయల సీసా గౌతమికి ఈవలి గట్టుననే దొరకసాగెను.