ముద్ర లేని పాట: మాన్యుయెల్ పోన్సే

పాట నిలిచి, పాట కట్టినవాని పేరు మరుగుపడుట లోకమున క్రొత్త కాదు. మన వాగ్గేయకారులు కృతి చివర తమ ముద్రను నిలుపుటచే కర్త యెవరో శ్రోతకు తెలియుచున్నది. జానపదగేయమునకు అట్టి ముద్ర యుండదు. అది అందరి సొత్తు. ఈ రెంటి నడుమ చిక్కుకొన్న స్వరకర్త యొకడు మెక్సికో దేశమున నుండెను. ఆయనయే మాన్యుయెల్ పోన్సే. ఆయన జీవితమును, కృషిని పాఠకులకు సంగ్రహముగా విన్నవింపగోరుచున్నాము.

పోన్సే 1882 డిసెంబరు 8వ తేదీన జకాటెకాస్ రాష్ట్రమందలి ఫ్రెస్నియో పట్టణమున జన్మించెను. కొలదికాలమునకే ఆ కుటుంబము అగ్వాస్‌కాలియెంతెస్ నగరమునకు తరలిపోయెను. పోన్సే అక్కగారి వద్ద పియానో నేర్చి, చర్చి గాయకబృందమున పాడి, చిన్నతనముననే ఆర్గను వాదకుడయ్యెను. 1904లో ఐరోపాకు పయనమై మొదట ఇటలీలోని బొలోన్యాలోను, పిమ్మట బెర్లినులోను విద్య నభ్యసించెను. బెర్లినున ఆయనకు గురువైన మార్టిన్ క్రౌజ్ సుప్రసిద్ధ పియానో విద్వాంసుడగు లిస్ట్‌కు శిష్యుడు.

స్వదేశమునకు మరలివచ్చునప్పటికి మెక్సికో నగరపు సంపన్న గృహములలో ఇటలీ సంగీతనాటకములకును, ఐరోపా నృత్యగీతములకును గల ఆదరము పల్లెపాటకు లేకుండెను. ఇంతలో 1910లో విప్లవము చెలరేగి దేశమంతయు అల్లకల్లోలమయ్యెను. ఆ దినములలోనే పోన్సే ప్రజల నోట నాడు పాటలను సేకరించి, వానికి పియానో సహకారము సమకూర్చి, కచేరీవేదిక నెక్కించెను. 1913లో మెక్సికో సంగీతమును గూర్చియు, పాటను గూర్చియు ఉపన్యసించి, స్వదేశపు పాట పండితుల శ్రద్ధకు తగినదని చాటెను. ఆ పాటలపైననే దేశీయసంగీతమును నిర్మింపవలెనని ఆయన ఆశయము. తరువాతి కాలమున మెక్సికో సంగీతమునకు నాయకుడైన కార్లోస్ చావెజ్ బాల్యమున ఆయన వద్దనే పియానో నేర్చెను.

1912లో ఆయన 'ఎస్త్రెలీతా' అను పాటను రచించెను. 'చిన్ని చుక్క' యని దాని యర్థము. ప్రేమలో చిక్కిన హృదయము ఆకాశమందలి చుక్కతో మొరపెట్టుకొనుట అందలి విషయము. మాటయు, స్వరమును పోన్సేవే. ఆ పాట సముద్రములు దాటి దేశదేశముల గాయకుల కంఠముల నెక్కెను. యాషా హైఫెట్జ్ వంటి మహావిద్వాంసుడు దానిని వయొలినుకు కూర్చుకొని వాయించెను. కాని ప్రచురణహక్కును సక్రమముగా భద్రపరుచుకొనకపోవుటచే కర్తకు రావలసిన ధనము రాలేదు. పలువురు దానిని జానపదగేయముగానే భావించిరి. జానపదుల పాటకు గౌరవము కోరినవాని పాట తానే జానపదమైపోయెను! ఇంతకన్న గొప్ప విజయము మరొకటి యుండదని కొందరనవచ్చును. కాని కర్త పేరు కీర్తికి మాత్రమే కాదు, జీవికకును ఆధారమని మనము మరువరాదు.

విప్లవపు ఒత్తిడులవలన 1915లో ఆయన క్యూబా రాజధాని హవానాకు వెడలి, 1917లో తిరిగివచ్చెను. 1923లో స్పెయిన్ దేశపు గిటారు విద్వాంసుడు ఆంద్రేస్ సెగోవియా మెక్సికోకు వచ్చెను. వీథులలో, విందులలో వినబడు గిటారును మహాసభలకు తగిన వాద్యముగా నిలుపుటకు సెగోవియా శ్రమించుచుండెను. పల్లెపాటకై పోన్సే చేసిన కృషియు అట్టిదే కదా! వారి స్నేహము జీవితాంతము నిలిచెను. 1925లో, నలుబదిరెండేండ్ల వయస్సున, పోన్సే పారిస్ చేరి పాల్ డూకా వద్ద మరల విద్యార్థియయ్యెను. 1933 వరకు అచ్చట నుండి, సెగోవియా కొరకు అనేక గిటారు కృతులను రచించెను.

ఆ కాలముననే యొక వింత జరిగెను. పోన్సే ప్రాచీనరీతిలో నొక గిటారు రచన చేసెను. మిత్రులిద్దరును దానిని, 1750లో గతించిన జర్మను లూట్ వాద్యవిద్వాంసుడు వైస్ రచనగా లోకమునకు చూపిరి. సెగోవియా దానిని ఆ పేరుతోనే గ్రామఫోను రికార్డుగా నిచ్చెను. రసికులు మెచ్చుకొనిరి, నిజము తరువాతగాని వెల్లడి కాలేదు. 'ఎస్త్రెలీతా' విషయమున పేరు ఆయన చేయి జారిపోయెను. ఇచ్చట ఆయనయే దానిని వినోదముగా దాచెను. రెండు విధములను మెప్పు పాటకే దక్కెను.

1941 అక్టోబరు 4వ తేదీన ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో ఆయన గిటారు కన్చెర్టో మొదటిసారి వినిపింపబడెను. సెగోవియా గిటారు వాయించగా, పోన్సే స్వయముగా వాద్యబృందమును నడిపెను. ఆనాడు కర్తను, కృతిని శ్రోతలు ఒక్కచోటనే చూచిరి. చిరకాలము అనారోగ్యముతో బాధపడి, తుదిదినములలో జాతీయ పురస్కారము నందుకొని, 1948 ఏప్రిల్ 24వ తేదీన ఆయన మెక్సికో నగరమున కన్నుమూసెను.

రేడియోలో సంగీతమునకు ముందు కర్త పేరు పలుకుట వాడుక. మన మనేకులము ఆ క్షణముననే యంత్రపు మర సవరించుచుందుము, లేదా ఇంటివారితో మాటలాడుచుందుము. ఆ ఒక్క మాటకును చెవి యొగ్గుట మంచిదని మా మనవి. పాటలో ముద్ర లేని పోన్సే వంటివారికి ఆ పలుకే ముద్ర.